పసుపు పడిన సముద్రం

బకెట్లో ఫిల్టరు నీళ్లు పోసి సముద్రపు ఉప్పు కలుపుతుంటే ఒక వాసన వస్తుంది. చేపల వాసన కాదు. మా కాకినాడలో పొద్దున్నే కిటికీ తీస్తే లోపలికి వచ్చే గాలికి దగ్గరి చుట్టం లాంటి వాసన. నిన్న ప్రగతి నగర్‌లో మా హాలు మధ్య కూర్చుని ఆ నీళ్లు కలుపుతుంటే విఠల్ అన్న గుర్తొచ్చాడు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన నాకు సముద్రం అంటే ఏమిటో చూపించినవాడు బొగ్గుగనుల ఊరివాడంటే మావాళ్లెవరూ నమ్మరు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. నేను హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ మణికొండలో కిరాయికి ఉండేదాన్ని. ఎదురు ఫ్లాటు విఠల్ అన్నది. మంచిర్యాల మనిషి, గని కార్మికుడి కొడుకు, ఇంకో ఐటీ కంపెనీలో మేనేజరు. సెలవు రోజున ఉద్యమకారులతో కలిసి నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసి, పొగ వాసనతో ఇంటికొచ్చేవాడు. రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కుని హాల్లో గోడ పొడవునా కట్టించిన అద్దాల తొట్టి ముందు కూర్చునేవాడు. ఉప్పునీళ్లలో పగడాలు పెంచాలని ఆయన పట్టుదల. అయితే తొట్టి కట్టించి ఎన్నాళ్లయినా అందులో నీళ్లు, రాళ్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. "సోఫా ఏసుకునే జాగల ఉప్పునీళ్లు పోసిండు మీ అన్న," అని వాళ్లావిడ లక్ష్మి వదిన వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

నాకసలే ఓపిక తక్కువ. ఏది మొదలుపెట్టినా సాయంత్రానికల్లా ఫలితం కనబడాలి. "చేపలెప్పుడన్నా?" అని రోజూ ప్రాణం తీసేదాన్ని.

"ముందుగాల నీళ్లు కావాలె చెల్లె. రాళ్లల్ల కంటికి కనపడని జీవాలు పుట్టాలె, అవి నీళ్లను పండియ్యాలె. తొందర చేపలకు లేదు, నీకే ఉంది."

ఎట్టకేలకు నీళ్లు పండాయి. రెండు నారింజ రంగు చేపలు, ఒక మెత్తని పగడం వచ్చాయి. ఆ పగడం పుట్టగొడుగులా గొడుగు పట్టి, గొడుగంతా సన్నని వేళ్లు ఆడిస్తూ ఉండేది. ఆఫీసు నుంచి రాగానే నా ఇంట్లో దీపం వేసుకోకముందే వెళ్లి దాన్ని చూసి వచ్చేదాన్ని.

సరిగ్గా అప్పుడే అమ్మ దిగింది. టీవీలో బందులూ ధర్నాలూ చూసి భయపడి, నన్ను తీసుకుపోవడానికే వచ్చింది. "నీకేమన్నా అయితే నేనేమైపోవాలే? సామాన్లు సర్దేసుకో, అక్కడే ఏదో ఒక ఉద్యోగం చూసుకుందువు గాని," అంది. గట్టిగా కాదనలేకపోయాను. ఆఫీసు క్యాంటీన్లో అప్పటికే 'మీరు' ఒక బల్ల దగ్గర, 'మేము' ఒక బల్ల దగ్గర తింటున్నాం. ఈ ఊరు నాదో కాదో నాకే తేలడం లేదు.

ఆ శుక్రవారం లక్ష్మి వదిన టీకి పిలిచింది. తొట్టిలోవి సముద్రం నీళ్లేనని వదిన చెప్పగానే అమ్మ రెండు చేతులూ జోడించింది. వదిన వంటింట్లో, నేను ఫోన్లో ఉన్నాం. మా వైపు ఆడవాళ్లు సముద్రుణ్ణి ఉత్త చేతులతో పలకరించరు. అమ్మ కొంగుముడి విప్పి, మూత పక్కకు జరిపి, పసుపూ కుంకుమా నీళ్లలో వేసేసింది!

నేను తిరిగి చూసేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. పగడం వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని ఎండిన పుట్టగొడుగులా అయిపోయింది. బయటి రోజులు అసలే అలా ఉన్నాయి, ఆయన ఎంత కష్టపడి పెంచుకున్నదో నాకు తెలుసు. ఇక ఈ గుమ్మం తొక్కే ముఖం మాకు లేదనుకున్నాను. అంతలో విఠల్ అన్న వచ్చాడు.

"సముద్రం నీళ్లేనన్నారు కదండీ... అందుకని వేశానండి," అంది అమ్మ, కొంగు మళ్లీ ముడేసుకుంటూ.

ఆయన తొట్టి వంక, అమ్మ వంక మార్చి మార్చి చూశాడు. "మా దిక్కు గోదారికి మేం గూడ గిట్లనే ఏస్తం అమ్మా. మేం ఏసిన పసుపంతా కొట్టుకపోయి మీ సముద్రంలనే కలుస్తది. ఇయ్యాల మీరు మల్ల తెచ్చిచ్చిర్రు, అంతే. ఫికర్ చెయ్యకుర్రి," అన్నాడు. సగం నీళ్లు తోడేసి, కలిపి ఉంచిన కొత్త నీళ్లు పోశాడు. పసుపును పీల్చుకోవడానికి బొగ్గు సంచి ఒకటి వేశాడు.

పగడం మాత్రం విచ్చుకోలేదు. మర్నాడూ అంతే. "అది కళ్లు తెరిచేదాకా నేను ఊరికి కదలను," అని అమ్మ భీష్మించుకుంది. నా ప్రయాణం కూడా దాంతోపాటే ఆగింది.

ఈలోగా గనుల్లో సమ్మె. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు ఎంతకీ రాలేదు, ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. పంపులు ఆగిపోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాకు కోపం ఆగలేదు. "మీ సమ్మె వల్లే కదన్నా ఇదంతా!" అనేశాను.

"అవు చెల్లె. మా తమ్ముడు గూడ సమ్మెలనే ఉన్నడు. వానికి ఫోన్ చేసి, నా చేపల కోసం బొగ్గుబాయిల దిగురా అంటనా?" అన్నాడు, మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోస్తూ. "నీళ్లు కదిలితెనే వాటికి గాలి. కొట్లాట తర్వాత పెట్టుకుందాం గానీ, నువ్వో మగ్గు పట్టు."

నేను అందుకునే లోపే అమ్మ మా ఇంటికి పరుగెత్తి తన కంచు చెంబు తెచ్చింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని మరీ వచ్చింది. ముంచడం, పోయడం. చేతులు పడిపోతే ఇంకొకరికి ఇవ్వడం. ఎవరి రాష్ట్రం ఏది కావాలన్న విషయంలో మేమెవరమూ ఒక్క అంగుళం జరగలేదు. ఆయన నమ్మకం ఆయనది, అమ్మ భయం అమ్మది. అయినా కరెంటు వచ్చేదాకా ఎవరూ చెంబు కింద పెట్టలేదు. నాకా ఊరు నాదనిపించింది ఆ మధ్యాహ్నమే.

ఆ తర్వాతి వారంలో ఒక పొద్దున పగడం గొడుగు అంచున ఒక వేలు, దాని పక్కన ఇంకొకటి బయటికొచ్చాయి. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుంది. నా పెట్టె వైపు చూడనైనా చూడలేదు. "చెంబు నీ దగ్గరే ఉంచు, పనికొస్తుంది," అని చెప్పి ఒక్కతే రైలెక్కింది.

రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు విఠల్ అన్న కుటుంబంతో మంచిర్యాల వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆ పగడంలోంచి చిన్న ముక్క కోసి, రాయికి అంటించి నా చేతిలో పెట్టాడు. "అరటి పిలక లెక్క బతుకుతది. నువ్వు తొందరపడకుంటె చాలు," అన్నాడు. అది నా చిన్న తొట్టిలో బతికింది, పెరిగింది, ఇప్పుడు ఆ తొట్టి చాలక పెద్దది కట్టించాను. అందులో ప్రస్తుతానికి నీళ్లూ రాళ్లే ఉన్నాయి.

నిన్న నేను ఉప్పు కలుపుతుండగా, నా దగ్గర కొన్నాళ్లుండడానికి వచ్చిన అమ్మ పూజ ముగించుకుని హాల్లోకి వచ్చింది. పసుపు చేతులు మోచేతుల దాకా కడుక్కుని తొట్టి ముందు కుర్చీ వేసుకుంది. కాసేపు చూసి, "ఇన్నాళ్లయింది, ఇందులో చేపలెప్పుడే?" అని అడిగింది.

"ముందుగాల నీళ్లు కావాలె కదమ్మా," అన్నాను.

అమ్మ చటుక్కున గుమ్మం వైపు తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరని చూశాక నవ్వి, కుర్చీ ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది.