ఎవరి పంచదార వారే తెచ్చుకోవలెను

ఇవాళ పొద్దున టీ మరుగుతుంటే పంచదార డబ్బా తీశాను. అడుగున నాలుగు పలుకులు కూడా లేవు. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో ఏది ఎప్పుడు అయిపోతుందో తెలియదు, అయిపోయిందని వంటింట్లోంచి అరిచేవాళ్ళు ఉండరు కదా. స్టోర్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళి రావాలంటే అరగంట. పక్కింటి తలుపు కొట్టి ఓ గ్లాసుడు పంచదార పెట్టమని అడగడం క్యారీలాంటి అమెరికా ఊళ్ళో అయ్యే పని కాదు. సబ్‌డివిజన్ అని పిలుచుకునే మా కాలనీలో గరాజ్ తలుపులు లేచి పడటమే తప్ప మనుషుల అలికిడి ఉండదు. అప్పుడు పై అరలో, జీలకర్ర సీసా వెనకున్న చిన్న రేకుడబ్బా గుర్తొచ్చింది. అందులో కాగితంలో చుట్టిన రెండు పంచదార బిళ్ళలున్నాయి, ఆరేళ్ళ నించీ ఉన్నాయి. డబ్బా దింపి బల్ల మీద పెట్టి, స్టవ్ ఆపేసి కూర్చున్నాను. పక్కింట్లో ఇప్పుడు ఎవరో కుర్ర జంట ఉంటున్నారు. నాకు మాత్రం అది ఇంకా ఆయన ఇల్లే.

ఆయన ఇంగ్లీషాయన. ఏదో కంపెనీలో ఇంజినీరుగా వచ్చి ఈ దేశంలోనే ముసలివాడైపోయిన మనిషి. పదకొండేళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉండి, చెత్తడబ్బా రోడ్డు మీదికి లాగే రోజున చెయ్యి ఊపుకోవడమే మా స్నేహం. మావారు పోయిన రెండో ఏడు మా అమ్మాయి ప్రతి ఆదివారం సియాటిల్ నించి ఫోన్ చేసి, ఇల్లు డీక్లట్టర్ చెయ్యి మమ్మీ అని ప్రాణం తీసేది. దాని పోరు పడలేక ఒక పెట్టె నిండా పాత పుస్తకాలు సర్ది, డ్రైవ్‌వే చివర పెట్టి, ఫ్రీ అని చీటీ అంటించాను. గంట తిరక్కుండా బెల్ మోగింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, వాకర్ సీటు మీద నా పెట్టె పెట్టుకుని ఆయాసపడుతూ నిలబడి ఉన్నారు. పెట్టె నిండా సైన్స్ ఫిక్షనే. ఇవి ఎవరివని అడిగారు. నావేనండీ అన్నాను. ఆయన నన్ను, నా కాటన్ చీరని, నా చేతిలో ఉన్న గరిటెని చూసి, "పదకొండేళ్ళు నాకెందుకు చెప్పలేదు మీరు?" అన్నారు, నిజంగానే కోపంగా.

ఎందుకు చెప్తాను? నన్ను ఎవరడిగారు గనక? విజయవాడలో అద్దెపుస్తకాల షాపులో అట్టలు చిరిగిన గ్రహాంతరాల కథలు తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివి, మా నాన్న చేత చీవాట్లు తిన్నదాన్ని. ఇక్కడికొచ్చాక మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను, లంచ్ బ్రేక్‌లో కార్‌లో కూర్చుని చదువుకునేదాన్ని. మావారు మంచివారే, కానీ నా చేతిలో పుస్తకం చూస్తే, ఏ గ్రహంలో ఉన్నావని నవ్వేవారు. ఆ నవ్వుకి జవాబు చెప్పలేక చదవడం దాచుకోవడం అలవాటైంది. ఆ రోజు ఆయన అడిగితే, లోపలికొచ్చి టీ తాగండి అన్నాను. మా స్నేహం అలా టీతో మొదలైంది. ఆయన టీలో మూడు చెంచాల పంచదార పడాలి. డాక్టర్ వద్దన్నాడని చెప్తూనే మూడోది వేసుకునేవారు.

కన్వెన్షన్ మాట నేను మొదటిసారి విన్నది ఆ టీ దగ్గరే. ఇక్కడి తెలుగు సంఘాల కన్వెన్షన్ తప్ప మనకేం తెలుసు? పట్టుచీరలు, బాంక్వెట్ టికెట్లు, హీరోయిన్‌తో ఫోటోకి క్యూ. ఆయన చెప్పింది వేరే లోకం. యుద్ధం అయిపోయిన కొత్తలో, ఇంగ్లండ్‌లో ఇంకా రేషన్ కార్డులు నడుస్తున్న రోజుల్లో, పందొమ్మిదేళ్ళ ఈయన తన ఊళ్ళో సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళందర్నీ ఒక చోట కూర్చోబెట్టాలనుకున్నారు. అప్పటికి ఆ దేశంలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని జరిగాయట. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నది లేదు, ఉత్తరాల్లోనే పరిచయం. ఈయన స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మెషిన్ చేత్తో తిప్పి, నోటీసులు తీసి పోస్ట్ చేశారు. నెల్లాళ్ళు గోళ్ళలోంచి ఇంకు వదల్లేదట. టీ దుకాణం మీద గది అద్దెకిచ్చినావిడ, టీ అయితే పోస్తాను గానీ రేషన్ పంచదార మీకెక్కణ్ణించి తెచ్చేది అంది. అందుకని నోటీసు అడుగున ఒక లైను చేర్చారు: ఎవరి పంచదార వారే తెచ్చుకోవలెను.

ముప్ఫైమంది దాకా వచ్చారట. అందరూ కుర్రాళ్ళే, ఒక్క అమ్మాయి తప్ప. మిగతావాళ్ళు తలో చిటికెడు పొట్లం కట్టుకుని వస్తే, ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళ రేషన్ మొత్తం ఓ సంచిలో పోసుకొచ్చి, బల్ల మధ్యన పెట్టి, ఇది అందరికీ అని చెప్పిందట. ఇంటికెళ్ళాక ఏం తిట్లు తిన్నదో పాపం. ఆ అమ్మాయి గురించి చెప్పేటప్పుడు ఆయన కప్పులో చెంచా తిప్పుతూనే ఉండేవారు. ఇద్దరూ ఇరవై ఏళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు. వాళ్ళలో ఉత్తరానికి ఉత్తరం రాయకపోవడం పెద్ద తప్పు, రెండుసార్లు జవాబు లేకపోతే జాబితాలోంచి పేరు కొట్టేసేవారట. చివరి ఉత్తరం ఆవిడ రాసింది. ఈయనకి అప్పుడే పెళ్ళి, అమెరికా ప్రయాణం, కొత్త ఉద్యోగం. రేపు రాద్దాం అనుకున్నారు. ఆ రేపు యాభై ఏళ్ళు సాగింది.

ఒకనాడు ఉన్నట్టుండి, "ఇంకొక్క కన్వెన్షన్ పెడదాం. మీరు సెక్రటరీ," అన్నారు. ఎవరొస్తారండీ అంటే, రానక్కర్లేదన్నారు. రాలేనివాళ్ళు ఉత్తరం పంపితే దాన్ని సభలో నిలబడి చదవడం వాళ్ళ పద్ధతి, చదివితే ఆ మనిషి వచ్చినట్టే లెక్క. ఆయనకి కావలసింది సభ కాదని నాకప్పుడే అర్థమైంది. ఆవిడ దగ్గర్నించి ఒక్క ఉత్తరం. వట్టినే రాసెయ్యొచ్చుగా అన్నాను. యాభై ఏళ్ళ తర్వాత ఏమని మొదలుపెట్టమంటావమ్మా అన్నట్టు చూశారు. పాత నోట్‌బుక్‌లోంచి పద్నాలుగు అడ్రసులు తేలాయి. ఆవిడది కూడా ఉంది, ఇల్లు మారలేదని కనుక్కున్నాం. ఆయన తన చేత్తోనే నోటీసు రాసిచ్చారు. అడుగున ఆ పాత లైను అలాగే ఉంది.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. నోటీసు టైప్ చేస్తూ ఆ లైను దగ్గర ఆగిపోయాను. వాళ్ళ పద్ధతిలో నోటీసు మీద సెక్రటరీ పేరే ఉండాలి, ఆయన పేరు ఎక్కడా లేదు; సెక్రటరీగా నా పేరు, రిటర్న్ అడ్రస్‌లో నా ఇల్లు. పిలిచి మరీ, మీ పంచదార మీరు తెచ్చుకోండని రాస్తే ఇంకేమన్నా ఉందా? మా అమ్మ చూస్తే ఉరేసుకునేది. ముసలాయన సరదాకి రాసుకున్నారు, నలుగురిలో పరువెందుకు తీసుకోవాలి అనుకుని ఆ లైను తీసేశాను. పైగా టీ, ఫలహారాలు మావే అని చేర్చాను కూడా. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు, నన్ను నమ్మి చూడకుండానే కవర్లు అంటించారు. ఫిబ్రవరిలో పోస్ట్ చేశాం. ఆ రోజు నించీ పోస్ట్‌మాన్ బండి చప్పుడైతే ఆయన వాకర్ నెట్టుకుంటూ మా మెయిల్‌బాక్స్ దగ్గరికి వచ్చేసేవారు. మూడు కవర్లు అలాగే తిరిగొచ్చాయి. ఇద్దరు పోయారని వాళ్ళ పిల్లలు కార్డులు రాశారు. ఆవిడ దగ్గర్నించి ఏమీ లేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఆయన, "నా పేరు కొట్టేసి ఉంటుంది, అది న్యాయమే," అన్నారు.

అయినా సభ ఆపలేదు. లైబ్రరీలో మీటింగ్ రూమ్ ఏప్రిల్ చివరి శనివారం మధ్యాహ్నానికి బుక్ చేశాను. ఎవరూ రారని తెలిసి కూడా ముప్ఫైమందికి పులిహోర కలిపాను, సమోసాలు ఆర్డర్ చేశాను. నా చేతికి అంతకు తక్కువ కొలత తెలియదు, ఏం చెయ్యను. నలభై కుర్చీలు వేసి, ఓ నోటీసు తలుపుకి అంటించాను. ఆయన సూటు వేసుకుని, టై కట్టుకుని వచ్చారు, కోటుకి తన పేరు బ్యాడ్జి. లోపలికి రాకుండా తలుపు దగ్గర ఆగి, జేబులోంచి భూతద్దం తీసి నోటీసు చదవడం మొదలుపెట్టారు. అడుగుదాకా చదివి, మళ్ళీ పైనించి చదివారు. పంచదార లైను ఏదని అడిగారు. బాగుండదని తీసేశానండీ అన్నాను. ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ లైను లేకపోతే, అది నేనే రాశానని ఆవిడకెలా తెలుస్తుంది?" అన్నారు.

కేకలేసి ఉంటే బాగుండేది. ఆ నలభై కుర్చీల మధ్య నాకు నిలబడటానికి చోటు లేనట్టయింది. ఎనభై దాటిన ఒకావిడకి, అమెరికా నించి, నోరు తిరగని ఇంటిపేరుతో టైప్ చేసిన కాగితం వస్తే ఎవరో మోసగాళ్ళనుకోదూ? క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, టైమ్ రెండైంది, సభ మొదలుపెట్టాలి సెక్రటరీగారూ అన్నారు. మొదట ఒక్కొక్కళ్ళూ లేచి పేరు, ఊరు, మొదట ఏ కథ చదివి ఇలా అయ్యారో చెప్పాలి, అది వాళ్ళ ఆచారం. ఆయన లేచి, ఖాళీ కుర్చీలన్నిటికీ వినబడేలా చెప్పి కూర్చున్నారు. నా వంతు వచ్చేసరికి నాకు ఇంగ్లీషు రాలేదు. ముప్ఫై ఏళ్ళు మీటింగుల్లో ఆ భాషలోనే మాట్లాడినదాన్ని. మీ భాషలో చెప్పండి, మనకి బోలెడంత టైముంది అన్నారాయన. తెలుగులోనే చెప్పాను. అద్దెపుస్తకాల షాపు, లెక్కల పుస్తకం, లంచ్ బ్రేక్‌లో కారు, మావారు పోయాక ఇంట్లో టీవీ పెట్టుకుని వేరే గదిలో కూర్చోవడం, అన్నీ చెప్పాను. నాకు చాలా ఒంటరిగా ఉంటోందని మొదటిసారి పైకి అన్నది అక్కడే, ఒక్క ముక్క అర్థంకాని మనిషి ముందు. ఆయన మొదట్నించి చివరిదాకా తల ఊపుతూ విని, అయ్యాక చప్పట్లు కొట్టారు.

సోమవారమే నోటీసు మళ్ళీ టైప్ చేశాను, అడుగున ఆ లైను పెట్టి. సభ అయిపోయింది, అయినా సరే అనుకుని ఆవిడ ఒక్కావిడకే పోస్ట్ చేశాను. ఆయనకి చెప్పాను కూడా. రోజూ మెయిల్‌బాక్స్ దాకా రావడం మళ్ళీ మొదలైంది. మే అంతా వచ్చారు. జూన్ మొదటి వారంలో ఒక రోజు రాలేదు. నేనే వెళ్ళి బెల్ కొట్టాను, తలుపు తియ్యలేదు. నిద్రలోనే పోయారు.

మన లెక్కలో పదకొండో రోజున కవరు వచ్చింది. గుండ్రటి, కదిలిపోయిన చేతిరాత. మొదటి నోటీసు చూసి ఏదో అమ్మడానికి వచ్చిన కాగితమనుకుని పారేశానని, రెండోదాని అడుగు లైను చూసి కుర్చీలో కూలబడ్డానని రాసింది. మధ్యలో ఆస్పత్రిలో ఉండి ఆలస్యమైందట. ఈయన పేరు ఎన్నడూ కొట్టెయ్యలేదట. నియమం ప్రకారం రెండు పంచదార బిళ్ళలు పంపుతున్నాను, ఒకటి నీకు, ఇంకొకటి పేరు పలకడం నాకు చేతకాని నీ సెక్రటరీకి అని ముగించింది. ఆయన పోయారని ఆవిడకి నేనే రాశాను. ఆ లైను తీసేసింది నేనేనని కూడా రాశాను. దానికి జవాబు రాలేదు. ఆవిడకి ఆరోగ్యం బాగుండలేదో, నన్ను క్షమించలేకపోయిందో ఇప్పటికీ తెలియదు.

ఆ ఉత్తరం తీసుకుని ఒక శనివారం లైబ్రరీకి వెళ్ళి, అదే గదిలో నిలబడి పైకి చదివాను. చదివితే వచ్చినట్టే లెక్క కదా.

ఇవాళ టీ మళ్ళీ వెచ్చబెట్టి, నా బిళ్ళ వేసుకున్నాను. రంగు కాస్త మారింది గానీ తీపి ఎక్కడికీ పోలేదు. ఆయనది మళ్ళీ కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టేశాను. పంచదారకి ఆరేళ్ళు ఒక లెక్క కాదు. మనుషులకి, నా వల్ల పోయిన ఆ రెండు నెలలే ఎక్కువైపోయాయి.