పైడన్న వేసిన కడియం

పైడన్నని నేను ముప్పై ఏళ్లు ఏడిపించాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

బరంపురం పాత బస్టాండు వెనకాల నాది స్పేరు పార్టుల కొట్టు, పక్కనే పైడన్న వెల్డింగు షెడ్డు. జీపుల రోజులవి. తెల్లారేసరికి భంజనగర్ లైను జీపులు బారులు తీరేవి. టాపు మీద పనసకాయలు, ఖల్లికోట నుంచి వచ్చిన ఎండుచేపల గంపలు, "ఆస్కా, భంజనగర్, ఆస ఆస" అని, రండి రండంటూ ఒడియాలో పిలుపులు. ఆ డీజిలు పొగ వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే నాకు ప్రాణం లేచొస్తుంది. అంత మంచి రోజులు మళ్లీ రావు.

సైలెన్సరు అతికించుకోవడానికి వచ్చిన జీపైనా సరే, పైడన్న దాని కిందికి దూరి ఎవరూ అడగని పని ఇంకొకటి చేసేవాడు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాల దాకా పోయే పొడవాటి ఇనప షాఫ్టు ఉంటుంది కదా, బండిని నెట్టే తిప్పుడంతా దానిదే. దాని ముందు కొసకి జానెడు దూరంలో, షాఫ్టు చుట్టూ వదులుగా ఉండేట్టు, మందపాటి ఇనప పట్టీ కడియంలా వంచి, బండి అడుగు చట్రానికి అతికేవాడు. బండి నడిచేటప్పుడు అది దేనికీ తగలదు, ఏ పనీ చెయ్యదు.

"పిల్లల కాళ్లకి కడియాలేస్తారు గానీ, జీపుకి కడియమేటి పైడన్నా?" అని నేను. నవ్వడానికి డ్రైవర్లు ఎలాగూ ఉన్నారు.

అతను మాత్రం నవ్వేవాడు కాదు. ఒకప్పుడు భంజనగర్ దాటాక కొండల్లో ఘాటీ రోడ్డు మీద వాళ్లన్న నడుపుతున్న జీపుకి ముందు క్రాసు, అంటే షాఫ్టుని గేరుబాక్సుకి కలిపే కీలు, విరిగిపోయింది. ఊడిన కొస గునపంలా రోడ్డులో దిగబడి, జీపు వెనకభాగం గాల్లోకి లేచి తలకిందులైంది. అన్న దక్కలేదు. ఆ మరుసటి నెల నుంచే పైడన్న కడియాలు మొదలుపెట్టాడు. కీలు విరిగినా కొస నేలకి దిగకుండా కడియం పట్టుకుంటుందని అతని ధీమా.

ధీమా అన్నాను గానీ, లోపల పురుగు తొలుస్తూనే ఉండేది. ఏ డ్రైవరు కనిపించినా "కడియం ఏటైనా పట్టిందేటి?" అని ఆరా తీసేవాడు. దారిలో విరిగితే దారిలోనే బాగుచేయించుకుని పోతారు గానీ, పనిగట్టుకుని బరంపురం వచ్చి వెల్డరుకి కబురెవడు చెబుతాడు?

జీపులు పోయాయి, ఆటోలు, వ్యాన్లు వచ్చాయి. వెల్డింగు మంట చూసి చూసి పైడన్న చూపు మసకబారింది. షెడ్డు మూసేసి సాయంత్రాలు నా కొట్టులో కూర్చోవడం మొదలుపెట్టాడు. పోయిన చలికాలం ఉన్నట్టుండి అడిగాడు.

"సావుకారా, నానేసినవాట్లో ఒక్కటైనా పని సేసిందంటావా? నేకపోతే ఊరికినే ఇనుము మోయించీసినానా?"

సరదాకి అడగలేదని తెలుస్తూనే ఉంది. అయినా నా నోరు ఊరుకుంటేనా! "పోన్లే, పాత ఇనుముకైనా పనికొస్తాది" అన్నాను. అతను లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు.

మొన్న వేసవిలో మనీష్ వచ్చాడు. మా బజారు బట్టల వ్యాపారి మనవడు. పొలసరలో ఓ పాత జీపు కొని, పెద్ద ఇంజను ఎక్కించి డ్రాగ్ రేసుకి సిద్ధం చేస్తున్నాడు. పావుమైలు తిన్నని దారిలో ఎవరు ముందు చేరితే వాళ్లదే గెలుపట. ఫోనులో రేసువాళ్ల నిబంధన చదివి వినిపించాడు. షాఫ్టు చుట్టూ, ముందు కీలుకి దగ్గరగా లూప్, అంటే అచ్చం అలాంటి కడియమే, లేకపోతే బండిని గీత దగ్గరికే రానివ్వరట.

"కింద పాతదేదో ఉంది అంకుల్. వంగిపోయింది. కోసేసి కొత్తది వేయించాలి."

పైడన్న అప్పటికే లేచి నిలబడ్డాడు. "నన్ను కిందికి దించండి" అన్నాడు.

జాకీల మీద ఎత్తిన జీపు కింద గోనెపట్టా పరిచి, ఇద్దరం పట్టుకుని మెల్లగా పడుకోబెట్టాం. చూపు ఆనకపోతేనేం, వేళ్లున్నాయి. అతుకు తడిమి "నాదే" అన్నాడు. తర్వాత కడియం లోపలి వైపు వేలు పెట్టి, అక్కడే ఆగిపోయాడు.

నేనూ వంగి ఫోను వెలుగులో చూశాను. కడియం లోపల చుట్టూ లోతుగా గాట్లు, తుప్పెక్కి ఉన్నాయి. అడుగు భాగం కిందికి సాగిపోయింది. వెనక క్రాసు బండితో వచ్చిన పాతదే, ముందుది మాత్రం వేరే కంపెనీది, మధ్యలో మార్చింది. జీవితమంతా క్రాసులమ్మినవాణ్ని, నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"విరిగింది పైడన్నా. నీ కడియం పట్టింది" అన్నాను.

"తిరుగుతా తిరుగుతా కొట్టింది సూడు. అతుకు ఊడనేదు" అన్నాడు. చాలాసేపు ఆ గాట్ల మీంచి వేలు తియ్యలేదు. తర్వాత మనీష్‌తో, "కోసీ బాబూ. దెబ్బతిన్నదాన్ని మరి నమ్మకూడదు. కొత్తది ఏయించు, ఇంతకన్నా మందం పట్టీతోటి" అన్నాడు.

కింద నుంచే నన్ను పిలిచాడు.

"సావుకారా, ఆయేల ఈ బండిలో ఎవులున్నారో?"

నాకు ఒక్క వెటకారమూ తోచలేదు.

"ఎవులో తెలీదు పైడన్నా" అన్నాను. "అందరూ ఇళ్లకెల్లిపోనారు."