పిన్నీసు గుచ్చిన తీగ

పదమూడు వేల అడుగుల ఎత్తు. నవంబరు. ఉదయం ఏడు గంటలకు సరిహద్దు సైనిక పోస్టులో దిగాను. చలి సున్నాకు పదహారు డిగ్రీలు కింద. వెంట టూల్‌బాక్సు, బండిలో లోపమేదో చదివి చెప్పే స్కానరు, రెండు జతల చేతితొడుగులు. నా పని బండ్ల మరమ్మతు. సైన్యంలో చేరకముందు ప్రొద్దుటూరు లారీ షెడ్డులో వైరింగు చేసేవాణ్ణి. అక్కడి అంబులెన్సు డ్రైవరుది జమ్మలమడుగు. నన్ను చూడగానే "అబ్బ! మన మాట మాట్లాడే మనిషొచ్చినాడు మామా" అని వాటేసుకున్నాడు.

జనవరిలో అంబులెన్సులో హెచ్చరిక దీపం వెలిగింది. స్టీరింగు కింది సాకెట్టుకు స్కానరు తగిలిస్తే పలకలేదు. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి, విప్పాను. సాకెట్టు వెనక నుంచి మీటరుకుండే సన్నని ముల్లు, ప్రోబుతో చూడాలి. తీగ తొడుగుకు కన్నం పెట్టకూడదు, తేమ దిగి రాగిని తినేస్తుంది. నాకు తెలుసు. అయినా షెడ్డు అలవాటు చొప్పున ఇంజను కంప్యూటరుకు వెళ్లే తీగకు పిన్నీసు గుచ్చి చూశాను. సాకెట్టులో వదులైన పిన్ను దొరికితే బిగించాను. కన్నాన్ని అలాగే వదిలేశాను. ఎంత బుద్ధిలేనివాణ్ణి!

"అయిపాయనా మామా?"

"అయిపాయ, పో."

ఏడు వారాల తర్వాత డ్రైవరు ఊపిరాడని జవానును ఎక్కించుకుని కిందికి బయల్దేరాడు. దారిలో మంచు అడ్డం పడితే తవ్వి తీయడానికి ఇంజను ఆపాడు. తొమ్మిదింబావుకు రేడియో మోగింది.

"బండి మళ్లా స్టార్టు కాలేదు మామా. ఆక్సిజన్ అయిపోతాండాది."

"ఆడ్నే ఉండు, వస్తాండాం."

"శానా సేపవుతాది. కింద పోస్టుకు నడ్సిపోయి సిలిండరు తెస్తా."

మేము చేరేసరికి పదకొండు నలభై. జవాను బతికే ఉన్నాడు. డ్రైవరు మర్నాడు లోయలో మంచు కింద శవమై దొరికాడు. తీగ విప్పి చూశాను. పిన్నీసు గుచ్చిన చోటే పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది.

విచారణలో దాచలేదు. శిక్ష వేశారు. అది నాకు చాలలేదు.

సర్వీసు ముగిశాక జమ్మలమడుగు వెళ్లాను. డ్రైవరు వాళ్ల నాయనకు అంతా చెప్పాను. ఆయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"వాడుండంగ ఫోన్లో నీ మాటే చెప్పేటోడు. మా మామ చెయ్యి పడితే బండికి తిరుగుండదంటాండె" అన్నాడు. తర్వాత వసారాలోని మోటారుసైకిలు చూపించాడు. "వాందే. ఎలకలు వైర్లు కొరికినాయి. చూడప్పా."

సీటు విప్పి వైర్లు బయటికి తీశాను. రెండు గంటలు పట్టింది. ప్రతి అతుక్కూ టంకం వేసి, పైన తొడుగు ఎక్కించి వేడి చేసి మూశాను. బండి స్టార్టయింది.

ఆయన ఎక్కలేదు. ఖాళీ సీటు మీద అరచెయ్యి పెట్టి, బండి అదురుతున్నంతసేపూ తీయకుండా అలాగే నిలబడ్డాడు. ఇంజను ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.