గౌను మారింది, కొంగు మారలేదు

2018 బదిలీల్లో నాకు నారాయణపేటకు దగ్గరలోని ఒక ఊరి ప్రాథమిక పాఠశాల వచ్చింది. నేను సెకండరీ గ్రేడ్ టీచర్‌ను. అంటే ఒకటి నుంచి అయిదు దాకా ఏ తరగతికైనా, ఏ సబ్జెక్టయినా చెప్పాల్సిన టీచర్ అన్నమాట. నా చదువు పదో తరగతి, దాని మీద టీటీసీ అనే ఉపాధ్యాయ శిక్షణ. అంతకు మించి లేదు. మా నాయిన మగ్గం నేసేవాడు. ఆ ఊళ్లోనూ సగం ఇండ్లలో మగ్గాలే కాబట్టి బడికి పోతుంటే పుట్టింటి వీధిలో నడుస్తున్నట్టే ఉండేది. నేను చెప్పబోయేది 2020 సెప్టెంబరు నాటి సంగతి.

కరోనాకు బళ్లు మూతబడి ఉన్నాయి. పిల్లలు రావద్దు, టీచర్లు మాత్రం రావాలని ఉత్తర్వు. పాఠం టీవీలో వస్తుంది, తరగతికొక వేళ. బడిలోని పిల్లలను టీచర్లు పంచుకోవాలి. దీన్ని దత్తత అనేవాళ్లు. మా బడిలో హెడ్మాస్టర్ సారు, నేను, ఇద్దరమే. నాలుగు, అయిదు తరగతులు నా వంతుకు వచ్చాయి. రోజూ ప్రతి ఇంటికీ ఫోన్ చేసి పిల్ల పాఠం చూసిందా లేదా అడగాలి, వర్క్‌షీటు రాయించాలి, సాయంత్రానికి సెల్‌ఫోన్లోనే ఒక పట్టిక నింపి పంపాలి. అందులో మూడు గడులుండేవి. టీవీలో చూసినవారు, ఫోన్లో చూసినవారు, ఏ సాధనమూ లేనివారు. ఆ మూడో గడిలో అంకె కనబడిందంటే పై నుంచి ఫోన్ వచ్చేది.

రుజువుకు ఫొటో కావాలి. పిల్ల టీవీ ముందు కూర్చున్న ఫొటోను ఇంటివాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మొదట్లో ఆ గ్రూపు చూస్తే నవ్వొచ్చేది. ఒకాయన ఉత్త టీవీ ఫొటో పెట్టాడు. పిల్ల ఏదయ్యా అంటే, "ఫొటో తీసింది ఆమెనే మేడం, నాకు తియ్యరాదు" అన్నాడు. ఇంకొకరు పాఠం ఫొటో బదులు ఇంట్లో ఈనిన బర్రె ఫొటో పెట్టారు. ఫొటోలు ఎందుకని అడిగినవాళ్లకు నేను ఉన్న మాటే చెప్పాను. ఫొటో రాకపోతే పెద్ద సార్లు నన్ను అడుగుతారు, నేను జవాబు చెప్పుకోవాలి అన్నాను.

రేణుక అయిదో తరగతి. తండ్రి నర్సింలుది నేలలో తవ్విన గుంటలో కూర్చుని నేసే గుంట మగ్గం, తల్లి అనంతమ్మ పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టి అందిస్తుంది. బడి నడిచినప్పుడు ఆ పిల్ల నన్ను పాఠం ముందుకు కదలనిచ్చేది కాదు. "ఆగు టీచర్, గిది మల్ల చెప్పు" అని చెయ్యెత్తేది. టీవీ పాఠాలు మొదలయ్యాక అందరికంటే ముందు వచ్చే ఫొటో వాళ్లింటిదే. నీలం గౌను వేసుకుని, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని, టీవీ వైపు చూస్తూ ఉండేది. మరునాడు పచ్చ గౌను, ఆ మరునాడు పూల గౌను. రేణుక వాళ్లింటిని చూసి నేర్చుకోండని గ్రూపులో పెట్టాను కూడా.

ఒక మధ్యాహ్నం పట్టిక నింపుతూ ఆ ఫొటోలను వరసగా వెనక్కి జరుపుతున్నాను. ఫొటో మూలన మగ్గం సగం కనబడుతోంది. దాని మీద ఎర్ర కొంగు, చారలు పడి, సగం దాకా నేసి ఉంది. నీలం గౌను నాడూ అంతే ఉంది, పూల గౌను నాడూ అంతే ఉంది. నారాయణపేట చీరలు ఒకే పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన పొడుగు దారాల మీద, వరసగా కొన్ని నేస్తారు. అంచు, గళ్లు ఎప్పుడు చూసినా ఒక్కతీరుగానే కనబడతాయి గానీ కొంగు చీరకొక్కసారే వస్తుంది. వచ్చిందంటే తొందరగా నేసి చుట్టేస్తారు, అది అక్కడే నిలబడి ఉండదు. కరోనాకు చాలా మగ్గాలు ఆగిపోయాయి కదా, ఇదీ ఆగిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ మనసు ఒప్పలేదు. ఫోన్ చేశాను.

అనంతమ్మ ఎత్తింది. వెనుక మగ్గం నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు, టకా టకా, ఆగకుండా వస్తోంది. మగ్గం నడుస్తోంది, మరి ఫొటోల్లో కొంగు ఎందుకు కదలదు?

"రేణుకకు ఇయ్యమ్మా."

"ఇప్పుడే బయటికి పోయింది టీచరమ్మా."

మరునాడు చేస్తే పండుకుంది అన్నది. ఆ తర్వాత స్నానం చేస్తోంది అన్నది. ఫొటోలు మాత్రం వస్తూనే ఉన్నాయి, మళ్లీ నీలం గౌను నుంచి మొదలై. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికైనా కరోనా వస్తే చెప్పకుండా దాచేవాళ్లు. పిల్లకు జ్వరమా, దవాఖానలో ఉందా, లేక బొంబాయి పనులకు పోయేవాళ్ల వెంట పంపేశారా? ఇక కూర్చోలేక వాళ్లింటికి నడిచాను.

అనంతమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. "గింత ఎండల వస్తిరి. చాయ తాగుతరా?" అన్నది.

"పిల్లను చూసినంక తాగుత."

రాట్నం ఆగింది. మగ్గం గుంటలోంచి నర్సింలు తలెత్తి, "ఇంగ దాచుడు ఎందుకే, చెప్పరాదు" అన్నాడు.

"మా చెల్లె పద్మ వచ్చిండె టీచరమ్మా, గద్వాల దిక్కు నుంచి. పత్తి చేన్లకు పూలు రుద్దేటందుకు తోలుకపోయింది. బడి లేకపాయె, కొన్నొద్దులు ఆడుంటే ఏమాయె అన్నది."

"మరి గీ ఫొటోలు?"

"పోయే నాడే తీసినం. గౌన్లు మార్చుకుంట మార్చుకుంట దిగింది. పిల్లనే చెప్పింది, నేను లేకుంటే టీచర్‌ను పెద్ద సార్లు తిడ్తరమ్మా, రోజుకొకటి పంపు అని. మీకు మాట రావద్దని పంపిన."

నా మేలు కోరి చేసిన పని అది. కొంగు సంగతి చెప్పి, దాంతోనే అనుమానం వచ్చిందన్నాను. నర్సింలు పెళ్లాం వైపు తిరిగి, "అన్ని గౌన్లు మార్చిరి, నా మగ్గం మాత్రం మార్చకపోతిరి. మగ్గపోళ్ల బిడ్డకు దొరుకకుంటరా?" అన్నాడు. ఆ మాటకు ముగ్గురం నవ్వాం కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

విత్తనాల పత్తి పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సాయంత్రం పూట మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి కేసరాలను గిల్లి తీసేస్తారు. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. మొగ్గ చిట్లకుండా విప్పాలంటే సన్నని వేళ్లు కావాలి, అందుకని పిల్లలను పిలుస్తారు. ఆ చేలకు పురుగుమందు గట్టిగా కొడతారు. నా భయం అక్కడే ఉంది.

హెడ్మాస్టర్ సారుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "మేడం, పూల పని అయిపోంగనే వస్తది గద. గప్పటిదాక టీవీ గడిలనే ఉండనియ్యుండ్రి. చేను పనికి పోయిందని రాస్తే వాళ్లింటి మీదికి కేసు రావచ్చు" అన్నారు. అదీ నిజమే. కానీ ఆ చేనులో పిల్లకు ఏమైనా అయితే, ఆ రోజు మేము పంపిన లెక్కలో ఆమె ఇంట్లో కూర్చుని పాఠం చూస్తున్నట్టు ఉంటుంది. ఆ మాటే సారుతో అన్నాను. "సెలవు చీటీ రాసి పోండి" అన్నారు చివరికి.

మరునాడు పొద్దున అనంతమ్మ, నేను బస్సెక్కాం. మక్తల్‌లో దిగి గద్వాల బస్సు పట్టుకున్నాం. దారి పొడుగునా ఆమె చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉంది, స్విచాఫ్ అనే వస్తోంది. జూరాల డ్యాం దగ్గర గేట్లు ఎత్తి ఉన్నాయి. బస్సులో అందరూ మాస్కులు దించి కిటికీల్లోంచి నీళ్లు చూశారు, ఆమె ఒక్కతే ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. "పిల్ల మంచిగనే ఉంటది గద టీచరమ్మా?" అని ఒకసారి అడిగింది. ఉంటదన్నాను, నాకు తెలిసినట్టు.

ఆటో దిగి చేను చేరేసరికి మందు వాసన ముక్కుకు కొట్టింది. ఛాతీ ఎత్తు పత్తి చెట్లు. సాళ్లలో పిల్లలు, ఆడవాళ్లు వంగి ఉన్నారు. అందరి ముఖాలకూ కళ్లు మాత్రమే కనబడేటట్టు గుడ్డలు. మా పిల్ల ఏదో తల్లికే తెలియలేదు. "రేణుకా!" అని పిలిస్తే ఎవరూ లేవలేదు. రెండోసారి గొంతు చించుకుని పిలిచింది. దూరంగా ఒక సాలులోంచి ఒక పిల్ల లేచి, గుడ్డ కిందికి లాగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నన్ను చూసి ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "టీచర్! మీరు ఎందుకొచ్చిండ్రు? ఫొటోలు అయిపోయినయా?"

పద్మ పరుగెత్తుకొచ్చింది. "చెప్పకుండ వస్తివేందక్కా? ఇంగ కొన్నొద్దుల పనే. దీని చేయి ఎంత నీటుగ పోతదో చూడు, ఒక్క మొగ్గ చిట్లదు."

"ఇంటికి పోదాం రా" అన్నాను రేణుకతో.

"నేను రాను."

"ఎందుకు బిడ్డా?"

కాళ్ల కింద మట్టిని బొటనవేలితో గీకుతూ చెప్పింది. "టీవీల సారు చెప్పుకుంట పోతనే ఉంటడు టీచర్. ఆగమంటే ఆగడు. భిన్నాల కాడ నాకు సమజ్ కాలె. ఆడికెళ్లి ఇంగేది సమజ్ కాలె. గట్ల ఉత్తగ కూసునుడు కంటె గిదే మంచిగుంది. గీడ నాకంటె మంచిగ చేసేటోళ్లు లేరు."

చేను రైతు కూడా వచ్చి నిలబడ్డాడు. "టీచరంట గద మేడం. కేసు గీసు పెడ్తరా?" అని మెల్లగా అడిగాడు. పిల్ల కోసం వచ్చానన్నాను. నిజానికి ఆమెను అక్కడి నుంచి తీసుకుపోయే అధికారం నాకు లేదు. టీచరు చెప్పగలదు, అడగగలదు, అంతవరకే. అది తల్లి తేల్చాల్సిన మాట.

అనంతమ్మ బిడ్డ చేతిని తిప్పి చూసింది. వేళ్ల చివర్ల తోలు లేచి ఉంది. "నడువ్, ముఖం కడుక్కో" అన్నది.

"నేనేమన్న పిల్లను అమ్ముకున్ననా అక్కా?" అన్నది పద్మ.

"నిన్నేమంటలేనే. పిల్ల నాది, తోలుకపోతున్న."

రేణుక ఏడుస్తూనే బస్సెక్కింది. నా పక్కన కూర్చోలేదు.

ఆ మరునాటి పట్టికలో ఆమెను మూడో గడిలో వేశాను. అనుకున్నట్టే క్లస్టర్ సారు నుంచి ఫోన్ వచ్చింది. బడులకూ మండల కార్యాలయానికీ మధ్య సమాచారం చేరవేసే ఉద్యోగి ఆయన.

"మేడం, నిన్న మొన్నటిదాక టీవీ ఉండె గద, ఇయ్యాల యాడికి పోయింది?"

"టీవీ ఆడనే ఉంది సార్. పిల్లకు సమజ్ కాలె."

"సమజ్ కాలె అనే గడి లేదు మేడం."

"గందుకే దీంట్ల వేసిన."

అయితే రోజూ ఆ పిల్లకు ఎవరు చెబుతారో కింద రాసి పంపమన్నారు. నా పేరు రాశాను. పిల్లలను గుంపు చేయొద్దని నిబంధన ఉండేది కాబట్టి, పాఠం వేళ అయిపోయాక నేనే ఒక్కో ఇంటికి పోయేదాన్ని. రేణుక వాళ్లింట్లో భిన్నాలు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాం. మొదట కొన్నాళ్లు నా ముఖం చూడకుండానే లెక్క చేసింది. తర్వాత ఒకరోజు చెయ్యెత్తింది. అలా అడుగుతూ పోయేసరికి మిగతా పిల్లలదీ బయటపడింది. ఫొటోలు సక్రమంగా పంపినవాళ్లలో చాలామంది భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉన్నారు.

మరుసటి ఏడు రేణుక హైస్కూలుకు పోయింది. పూల కాలంలో పద్మ మళ్లీ వచ్చి అడిగిందని, అనంతమ్మ పంపలేదని విన్నాను. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు.

బళ్లు తెరిచేదాకా, ఆ తర్వాత నా ఉద్యోగం ముగిసేదాకా, నేను ఇంటివాళ్లను ఫొటో అడగలేదు. పైకి పంపాల్సి వస్తే నేనే పోయి తీసుకునేదాన్ని. ఇంటి నుంచి మాత్రం, ఆ రోజు పాఠంలో ఏది అర్థం కాలేదో పిల్ల గొంతుతోనే రికార్డు చేసి పంపమనేదాన్ని. "అంతా అర్థమైంది టీచర్" అని వచ్చిన ఇంటికి ముందు పోయేదాన్ని.