ఆసియా పటం, అచ్చాయమ్మ గంప

కొవ్వూరులో అచ్చాయమ్మ చేపల గంప దించిందంటే ముందు పిల్లులకు తెలుస్తుంది, తర్వాతే ఇళ్లవాళ్లకు. అరవై దాటినా ఆమె కేక వీధి చివరిదాకా పోతుంది. ఇన్నేళ్లూ ఏ పటమూ చూడకుండానే ఊరంతా తిరిగింది. మనవడు రాజేంద్ర అలా కాదు. పదో తరగతి సోషల్ రెండుసార్లు తప్పి, ఆసియా ఖండాన్ని ఔపోసన పట్టాడు. ఖండమంతా కాదు లెండి, జనసాంద్రత పాఠం ఒక్కటే. అందులో రంగుల పటం ఉండబట్టి.

కార్తీకమాసం వచ్చింది. నీచు మానేసిన ఇళ్లు గంపను చూసి తలుపులు వేసుకుంటున్నాయి. ఆ సోమవారం గంప నిండా శీలావతి చేపలు, పైన కాస్త ఐసు. మధ్యాహ్నంలోగా అమ్ముడుపోకపోతే గొయ్యి తీసి పూడ్చాల్సిందే.

"ఎక్కడికి మామ్మా?"

"చర్చి పేటకిరా. పది కొంపలున్నాయి కదా."

"పదేనా! అది మంగోలియా మామ్మా! చదరపు కిలోమీటరుకి ఇద్దరే మనుషులు, మిగతావన్నీ గుర్రాలు. నువ్వు బంగ్లాదేశ్ వెళ్లాలి. అక్కడ వెయ్యిమందికి పైనే!"

"ఆటోవాడు వస్తానంటాడా?"

"మన బంగ్లాదేశ్ గోష్పాదం రేవే. కార్తీక స్నానాలకి ఇవాళ కాలు పెట్టే చోటుండదు."

"ఒరేయ్ సన్నాసీ, ఆళ్లంతా ఉపవాసాలోళ్లురా!"

రాజేంద్ర గొంతు సవరించుకున్నాడు. "వందలో ఒక్కడు తినేవాడున్నా, వెయ్యికి పదిమంది. మంగోలియాలో అందరూ తిన్నా ఇద్దరే. ఏది ఎక్కువ?"

అచ్చాయమ్మకు నమ్మకం కుదరలేదు. కానీ "మావోడు ఖండాలు చెప్తాడు" అని ఇన్నాళ్లూ వీధంతా చాటింది ఆ నోటితోనే. కాదనలేక ఆటో ఎక్కింది.

రేవు మలుపులో, బుల్లబ్బాయి కొబ్బరికాయల కొట్టు పక్కన గంప దించారు. జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. అంతవరకు పాఠం తప్పు కాదు. రాజేంద్ర "చేపలండీ!" అని ఒక్క కేక పెట్టాడు. అంతే, జనం గోదారి పాయల్లా విడిపోయి, గంప చుట్టూ మంగోలియా ఏర్పడింది.

తడిచీరలో దీపాలు పట్టుకున్న ఒకావిడ ముక్కు మూసుకుంది. "ఏంటండీ ఇదీ! కార్తీక సోమారం, రేవు ముంగిట నీచా?"

"వందకి ఒకరైనా తినేవాళ్లుంటారని అండి..."

"ఉంటే మాత్రం ఇక్కడ చెప్తారా?"

ఆ వందలో ఒకడు ఉన్నాడు కూడా. విభూతి పెట్టుకున్న పెద్దమనిషి చేపల వంక చూశాడు, భార్య వంక చూశాడు, ఆకాశం వంక చూస్తూ వెళ్లిపోయాడు.

బుల్లబ్బాయి చేతులు జోడించాడు. "అచ్చాయమ్మగారూ, నా బేరం కూడా పోతోందండీ. మీకు దణ్ణం పెడతాను, లెగండి."

"పదరా," అంది అచ్చాయమ్మ. "నీ బంగ్లాదేశ్‌లో ఐసు కరిగిపోతోంది."

ఆ రద్దీలోకి ఆటోలు రావు. గంప రాజేంద్ర నెత్తికెక్కింది. చేపల నీళ్లు మెడ మీదుగా చొక్కాలోకి కారుతుంటే, ఎదురొచ్చినవాళ్లంతా ఆమడ దూరం జరిగి అతనికి దారిచ్చారు.

చర్చి పేటకు కార్తీకంతో పనేముంది? జ్ఞానప్రకాశం మాస్టారు గిన్నె పట్టుకుని వీధిలోనే నిలబడి ఉన్నారు. "ఇంతాలస్యమా అచ్చాయమ్మా? మా కోడలు ఎప్పుడనగానో మసాలా నూరేసింది." వెనకే మిగతా ఇళ్లు. పది ఇళ్ల మంగోలియా గంప అడుగుదాకా ఊడ్చేసింది.

"ఇంతకీ ఎక్కడ ఆగిపోయారు?" అన్నారు మాస్టారు.

రాజేంద్ర చేపల నీళ్లోడుతున్న చొక్కా అంచు పిండుకున్నాడు.

"మావోడు జనాన్ని లెక్కెట్టడానికెళ్లాడండి," అంది అచ్చాయమ్మ. "ఈసారి సోషలు పాసైపోతాడు, ఆయ్!"

తిరిగొచ్చేటప్పుడు వీధిలో పిల్లులు అచ్చాయమ్మ ఖాళీ గంపను వదిలేసి, వరసగా రాజేంద్ర వెనక నడిచాయి.