లాడాల మేడ మునీశ్వరి

దయ్యాలంటే నాకు భయం లేదు, పాత వైరింగంటేనే భయం. ఇరవై ఏళ్లుగా పుంగనూరులో కరెంటు పని చేస్తున్నాను. దయ్యం పట్టి చచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు, షాకు కొట్టి పోయినవాళ్లను చూశాను. అందుకే లాడాల మేడకు వైరింగు చెయ్యమని పిలుపు వచ్చినప్పుడు మా ఆవిడ అనిత వద్దని మొత్తుకున్నా వినలేదు. అక్కడ జరిగింది చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఇది నా గొప్ప చెప్పుకునే కథ కాదు, ఆ మేడలో నలభై అయిదేళ్లు దీపం పెట్టిన మునీశ్వరి కథ.

లాడాల మేడ పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డుకు లోపలగా, చింతతోపు వెనక ఉంటుంది. కట్టించినాయన బెల్లం, వేరుశెనగ వ్యాపారంలో బాగా గడించినవాడు. వందేళ్ల కిందట బెంగుళూరులో ఎవరో దొర బంగళా చూసొచ్చి, అట్లాంటిదే కావాలని పట్టుబట్టాడట. చేతినిండా డబ్బుంటే బుద్ధి ఊరికే ఉంటుందా? పైన ఉల్లిగడ్డల్లాంటి చిన్న గుమ్మటాలు, కిటికీలకు జల్లెడలా చెక్కిన రాతి జాలీలు, లోపల పెద్ద హాలు. ఆ హాలుకు పడమటి వైపు గోడ లేదు. వరాండాలోకి తెరుచుకునే ఆర్చీలు వరసగా ఉంటాయి, ఒక్కోదానికి ఎరుపూ తెలుపూ పట్టీలు. ప్రతి ఆర్చీ కింద ఇరుగ్గా ఉండి, పైకి పోయేకొద్దీ విచ్చుకుని మళ్లీ కలుసుకుంటుంది. గుర్రపు లాడాన్ని కొనలు కిందికి పెట్టి నిలబెట్టినట్టే ఉంటుంది. ఇది ఎక్కడో అరబ్బుల కాలంనాటి పద్ధతని, దొరలు దాన్ని మళ్లీ ఫ్యాషన్ చేశారని శ్రుతి మేడం చెప్పింది. మా ఊరివాళ్లకు అదంతా ఎందుకు? లాడాలున్నాయి, లాడాల మేడ అన్నారు.

శ్రుతి మేడం ఇప్పటి యజమాని. బెంగుళూరులో ఉద్యోగం. మేడను బాగు చేయించి పెళ్లిళ్లకు అద్దెకివ్వాలని ఆమె ఆలోచన. ఆమె జేజి, అంటే నాయనమ్మ, రుక్మిణమ్మ ఆ ఇంట్లో కాపురమున్న చివరి ఇల్లాలు.

మొదటిరోజు నేను తీగచుట్టలు భుజాన వేసుకుని హాల్లోకి అడుగు పెట్టబోతుంటే, స్తంభం పక్క నుంచి ఒక ముసలామె అడ్డం వచ్చింది. మనిషి ఎండుకట్టెలా ఉంది కానీ గొంతు మాత్రం ఖంగుమంది.

"చెప్పులు ఆడే ఇడిసిపెట్టప్పా. లోపల అమ్మ ఉండాది."

"ఏ అమ్మ?"

"యేమి, తెలీదా? రుక్మిణమ్మ."

రుక్మిణమ్మ పోయి నలభై అయిదేళ్లు. అయినా చెప్పులు విడిచాను. ముసలామెతో నోరెందుకు పెట్టుకోవడమని విడిచానే గానీ భయపడి కాదు.

ఆమే మునీశ్వరి. వాళ్ల నాయన గంగులప్ప సున్నపు పని మేస్త్రీ. ఆ మేడ గోడలకు గుడ్డుసొన కలిపిన గచ్చు పూసి అద్దంలా నునుపు చెయ్యడం ఈ చుట్టుపక్కల ఆయనకే వచ్చు. భార్య పోయాక పిల్లను చంకనేసుకుని పనికి వచ్చేవాడు. రుక్మిణమ్మకు అందరూ కొడుకులే. ఈ పిల్లను దగ్గరికి తీసింది. తలకు నూనె రాసి జడ వేసేది, పలక మీద అక్షరాలు దిద్దించేది, తన కంచం పక్కనే కంచం పెట్టించేది. ఆ రోజుల్లో మేస్త్రీ కూతురికి అది చిన్న సంగతి కాదు. "కన్నతల్లి మొగం నాకు గెవనం లేదప్పా. అమ్మ అంటే నాకు ఆయమ్మే," అనేది మునీశ్వరి.

మునీశ్వరికి పదిహేనేళ్లప్పుడు రుక్మిణమ్మ పోయింది. పోయిపోయి ధనిష్ఠా నక్షత్రంలో పోయింది. మావైపు ఈ పట్టింపు ఎంత గట్టిదో తెలియనివాళ్లకు చెప్పాలి. ధనిష్ఠలో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు ఖాళీ చెయ్యాలి. శవాన్ని వాకిలి గుండా తియ్యకూడదు. గోడకు కన్నం కొట్టి, అందులోంచి తీసి, పాడె శ్మశానం చేరకముందే ఆ కన్నం మూసెయ్యాలి. పోయినవాళ్లకు పోయిన దోవ ఒక్కటే గుర్తుంటుందట. అది మూసేస్తే ఇంక తిరిగి రాలేరు.

అంత ముచ్చటగా కట్టిన మేడకు కన్నం కొట్టడానికి కొడుకులకు చేతులు రాలేదు. ఒక ఆర్చీ గుండా తీసి, దాన్నే ఇటుకతో మూసేద్దామన్నారు. గంగులప్ప కోసం మనిషిని పంపారు. ఆయన వేరే ఊళ్లో పనిలో ఉండి, వచ్చేసరికి పాడె వెళ్లిపోయింది. మగవాళ్లంతా దాని వెనక పోయారు, ఆడవాళ్లు వెనక బావి దగ్గర తలస్నానాల్లో ఉన్నారు. గాలికి పాడె పూలు హాలంతా చెదిరిపోయి ఉన్నాయి. ఆర్చీలన్నీ ఒకే అచ్చు. చెప్పేవాళ్లు లేరు, పాడె శ్మశానం చేరేలోపు పని ముగియాలి. ఆయన ఒక ఆర్చీ ఎంచుకుని, ఇటుక పేర్చి మూసేశాడు.

ఆరు నెలల తరవాత ఆ కుటుంబం శాంతి చేయించుకుని తిరిగి వచ్చింది. మూడోరోజే పెద్దకొడుకు బిడ్డకు జ్వరమొచ్చి ఫిట్సు కొట్టింది. "జేజి నిలబడుండాది" అని కలవరించిందట. అంతే, ఇంటిల్లిపాదీ గంగులప్ప మీద పడ్డారు. తప్పు ఆర్చీ మూశావు, అసలు దోవ తెరిచే ఉంది, అందుకే అమ్మ వస్తోందన్నారు. పాడె మోసినవాళ్లను పిలిచి అడిగితే నలుగురూ నాలుగు ఆర్చీలు చూపించారు! గంగులప్ప ఒకటే మాట మీద నిలబడ్డాడు.

"ఆర్చీ కింద ఇరుకు సామీ. పాడె బొంగులు రెండుపక్కలా గచ్చును గీసుకోని పోయినాయి. ఆ గీతలు సూసే మూసినా."

గీతలేవీ, చూపించు అన్నారు. ఎక్కడ చూపిస్తాడు? వాటి మీదే గోడ కట్టేశాడు. విప్పి చూద్దామంటే ఎవరికీ ధైర్యం లేదు. ఆ వారంలోనే కుటుంబం వేలూరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. అమ్మకు దీపం పెట్టడానికి మునీశ్వరిని ఉంచి, గంగులప్ప మాత్రం హాల్లో కాలు పెట్టకూడదని ఆజ్ఞ వేసి పోయారు.

తరవాత ఆ మేస్త్రీకి పని పుట్టలేదు. "వీడు మూస్తే మూసినట్టు కాదు" అనే మాట తంబళ్లపల్లె దాకా పాకింది. అంత పనిమంతుడు పలమనేరు పక్క ఇటుకబట్టీలో కూలికి చేరాడు. ఎప్పుడైనా కూతుర్ని చూడటానికి వస్తే వరాండా బయటే నిలబడేవాడట. ఒకసారి అడిగాడు: "ఊరు పోనీ. నువ్వన్నా నమ్ముతావా తల్లీ?"

మునీశ్వరి జవాబు చెప్పలేదు. తల వంచుకుని నిలబడింది. ఆయన ఇంక అడగలేదు. కొన్నేళ్లకు బట్టీలోనే కూలబడి ప్రాణం విడిచాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను ఉండబట్టలేక.

"యెట్ల సెప్పేదప్పా? నాయన మాట నిజమైతే దోవ మూసుకున్నట్టే గదా. అమ్మ రాదు గదా. అప్పుడు వస్తాదని ఆశ. ఇప్పుడు వస్తానే ఉండాది. నాకు తెలస్తాండాది."

ఊరంతా రుక్మిణమ్మ వస్తుందని జడుసుకుంటుంటే, ఈ మనిషి వస్తుందనే ఆశతో బతికింది. పెళ్లి చేసుకున్నాయన మూడు నెలలుండి, ఈ దయ్యాలకొంపలో నా వల్ల కాదని కుప్పం దారి పట్టాడు. "పోనీలే, ఆయప్పకు మాటలు ఎక్కువ," అని నవ్వింది. వాళ్ల నాయన పోయిన కొన్నాళ్ల నుంచి రోజూ మధ్యాహ్నం, జాలీల్లోంచి ఎండ నేల మీద పడే వేళకు, హాల్లో ఎవరో ఉన్నట్టు తెలిసేదట. చప్పుడు కాదు, వాసన కాదు. మనం వంచిన తల ఎత్తకపోయినా ఎదురుగా మనిషి నిలబడితే తెలుస్తుందే, అట్లా. ఎప్పుడూ మూసిన ఆర్చీ దగ్గరే. ఆ పక్కనే ఆమె పీట వేసి, తమలపాకులు, వక్కా, కాఫీ పెట్టి, ఆ రోజు సంగతులు చెప్పుకునేది. టమోటా ధర దగ్గర్నుంచి తన మోకాళ్ల నొప్పి దాకా అన్నీ.

నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు నాలుగోరోజు దిగిపోయింది.

మూసిన ఆర్చీ పైన పైపు బిగిస్తున్నాను. కుప్పం రాయి పరిచిన నేల, నున్నగా ఉంది. ఒంటిగా పని చేస్తూ నిచ్చెన కొస మీదికి ఎక్కితే కింద నిచ్చెన కాళ్లు జారాయి.  అంతలో నిచ్చెన ఆగిపోయింది. కింద ఎవరో కాలు అడ్డం పెట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నట్టు ఆగింది. "పట్టుకోమ్మా, దిగుతాను" అంటూ దిగాను. కింద ఎవరూ లేరు. మునీశ్వరి హాలు అవతలి కొసన చీపురుతో నిలబడి నన్నే చూస్తోంది.

"అమ్మే పట్టుకోనుంటాది," అంది మామూలుగా.

 ఆ పూట పని మానేసి ఇంటికి పోయాను. అనితకు మాత్రం కడుపునొప్పి అని చెప్పాను.

ఆ వారంలో శ్రుతి మేడం వచ్చి, ఆర్చీల వరస ఫోటోల్లో బాగా రావాలంటే మధ్యలో ఈ మూత ఉండకూడదు, తీసెయ్యండి అంది. మునీశ్వరి ఆమె కాళ్లకు అడ్డం పడబోయింది. మేడం చెడ్డ మనిషి కాదు. ఆమెను పట్టుకుని లేపి, "ఏంది జేజీ, ఎందుకు భయం?" అని అడిగింది. మునీశ్వరి ఆమెను వదిలించుకుని నన్ను పక్కకు పిలిచింది. 

"గోడ తీస్తే గీతలుంటాయా లేదా తెలిసిపోతాది గదప్పా. గీతలుంటే మా నాయన మంచోడు, అమ్మ ఎప్పుడూ రాలేదు. గీతల్లేకుంటే అమ్మ వచ్చింది నిజం, మా నాయన తప్పుడు మనిషి. నేను ఏది కావాలని మొక్కుకునేది? నువ్వు సెప్పు."

ఊళ్లో పెద్దమనుషులు కూడా తీర్చలేని తగువు. నాకేం తెలుసు? "అవ్వా కావాలి, బువ్వా కావాలంటే కుదరదమ్మా" అనబోయి, ఆమె మొహం చూసి నాలుక కరుచుకున్నాను.

మరుసటిరోజు ఎండ బాగా ఎక్కాక కూలీలు గడ్డపారలతో మొదలుపెట్టారు. పైవరస ఇటుకలు తేలిగ్గా వచ్చాయి. మునీశ్వరి ఎదురుగా నేల మీద కూర్చుంది, రెప్ప వెయ్యలేదు. భుజమెత్తు దాకా దిగాక కుడిపక్క ఇటుక ఒకటి ఊడింది. దాని వెనక నున్నటి తెల్లగచ్చు మీద వేలు పట్టేంత గీత. ఎడమపక్క తీశారు. అదే ఎత్తున ఇంకొకటి. అందులో పచ్చివెదురు పీచు ఇరుక్కుని ఎండిపోయి ఉంది.

మునీశ్వరి లేచి వచ్చి ఆ గీతలో వేలు పెట్టింది. ఈ కొస నుంచి ఆ కొసకు పాకించింది. ముందు నవ్వింది, చిన్నపిల్ల నవ్వినట్టు. "మా నాయన సరింగానే కట్నాడు. సూడండి, సూడండప్పా అందరూ," అంటూ కూలీలను ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పెద్దవాళ్లు ఎంత పని చేశారు అంది.

అంతలో మునీశ్వరి నవ్వు ఆగిపోయింది. ఉన్నచోటే కూలబడింది.

"అయితే అమ్మ రాలేదప్పా. ఒక్క దినం గూడా రాలేదు. ఇన్నేండ్లూ నేను గోడతో మాట్లాడినా."

 ఏదో ఒకటి చెప్పి ఊరడించాలనుకున్నాను. ఊరడింపు నాకు చేతనైన విద్య కాదు. "అట్లంటావేమమ్మా? ఆ రోజు నా నిచ్చెన పట్టుకున్నది ఎవరు మరి?" అనేశాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. 

"అమ్మ నిచ్చెన పట్టుకుంటాదా?" అంది నెమ్మదిగా, తనలో తాను. "ఆయమ్మకు నిచ్చెన అంటే ఏమి తెలుసు? కాలు అడ్డం పెట్టి పట్టుకోవల్లని యాడ తెలుసు?"

కూలీలు గడ్డపారలు దించేశారు.  జాలీల్లోంచి ఎండ అప్పుడే నేల మీదికి దిగుతోంది.

"ఎప్పుడూ ఈ ఆర్చీ కాడనే. అమ్మ కూసునే సోటు ఆడ, కిటికీ కింద. ఈడ ఎందుకు నిలబడతాది? ఈ గోడను కాపలా కాసే పని ఎవురికుండాది?" ఆమె ఆర్చీ వైపు తిరిగింది. "నాయనా... నువ్వా? నువ్వే వస్తాంటివా?"

 అక్కడున్న మేమంతా, నేను, మేడం, కూలీలు, తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాం. మనిషి నిలబడడానికి చోటు ఇచ్చినట్టు.

మునీశ్వరి ఆ చోటి వైపు చేతులు జోడించింది. "ఆకూ వక్కా ఆయమ్మకు, కాపీ ఆయమ్మకు. నువ్వు నిలబడే ఉంటివి, నా ఎదురుగానే. నేను అమ్మా అమ్మా అంటాంటే ఇనుకుంటా నిలబడుంటివి."

అని ఏడ్చింది. అట్లాంటి ఏడుపు మళ్లీ వినకూడదు.

ఎవరూ చెప్పకుండానే మేడం వెళ్లి ఆమెకు మంచినీళ్లు తెచ్చింది. మునీశ్వరి ఆ గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు. లేచి, తన గదిలోంచి చాప తెచ్చి, ఆ ఇటుకల దుమ్ములోనే హాలు నడుమ పరిచింది. గ్లాసు దాని పక్కన పెట్టింది. కొంగుతో దుమ్ము దులిపి, కొంచెం జరిగి నిలబడింది.

"లోపలికి రా నాయనా. ఎవురూ ఏమనరు. కూసో," అంది.

ఆ సాయంత్రం పని ముగించి సామాన్లు మోసుకుపోయేటప్పుడు మాలో ఎవ్వరమూ ఆ చాప తొక్కలేదు. చుట్టూ తిరిగి పోయాం.