నల్లంచి గొంతులో హార్మోనియం

ఎల్బీ నగర్ మెట్రో స్తంభం మీద ఈ పొద్దున ఒక నల్లంచి పిట్ట ఈల వేస్తోంది. రైలు వస్తే పాట మునిగిపోతుంది, వెళ్ళగానే మళ్ళీ తేలుతుంది. ఆ ఈలతో పాటే నేనూ తెలంగాణ ఉద్యమం రోజుల దిల్‌సుఖ్‌నగర్‌లోకి, సుభద్ర మేడం దగ్గరికి తేలిపోతాను. ఆవిడా నేనూ కలిసి పిట్టల మీద పరిశోధన చేశాం. నేను వేలెత్తితే పాడేవి, దించితే ఆపేవి. సరే, కొంచెం ఎక్కువైంది. ఆవిడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు, నేను అటెండర్ని. ఆవిడ స్పీకర్ మోసేవాణ్ణి.

పిట్టను పాడించేది హార్మోన్ అని ఆవిడ అంటే, దాని గొంతులో హార్మోనియం ఉందని వారం రోజులు గల్లీ అంతా చాటాను. చివరికి ఆవిడనే అడిగాను. "మరి దాన్ని వాయించేదెవరు మేడం?"

ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "హార్మోనియం కాదయ్యా యాదగిరీ, రక్తంలో తిరిగే కబురు. పగలు పొడుగైతే మగపిట్టను పాడమంటుంది, పోట్లాడమంటుంది. పిల్లలు పుట్టాక తగ్గుతుంది. అప్పుడది పురుగులు తెచ్చి పెడుతుంది."

"మా గల్లీ మొగోళ్ళకు గా తగ్గుడు కబురు ఇంకా అందలే మేడం!"

"నీకు అందిందా?" అన్నారు.

కాలేజీ వెనకగోడ తొర్రలో నల్లంచి గూడు, అందులో నాలుగు పిల్లలు. ఇంకో మగపిట్ట పాటను ఒక్క నిమిషం వినిపించి, ఈ తండ్రిపిట్ట ఎలా ఎగబడుతుందో ఆవిడ రాసుకునేవారు. ఒక బంద్ రోజున నేనే ముందు చేరి స్పీకర్ పెట్టాను. చౌరస్తా ఊరేగింపు నుంచి వచ్చిన దోస్తులు, అది స్పీకర్ మీద ఎగబడడం చూసి "గీ పిట్ట మనోడేరా!" అని చప్పట్లు కొట్టారు. ఆ జోష్‌లో మధ్యాహ్నం దాకా ఆపలేదు. బడంగ్‌పేట్ నుంచి ఎండలో నడిచొచ్చిన మేడం స్పీకర్ ఆపేసి, తొర్రకు చెవి ఆనించారు.

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే పెట్టిన మేడం."

"తల్లి ఒక్కతే మేతకు తిరుగుతోంది. ఆకలికి పిల్లల గొంతులు పడిపోయాయి."

ఆవిడది కోస్తా. పిట్ట పేరు పెట్టి మమ్మల్నే అంటున్నారని నాకు రోషం పొడుచుకొచ్చింది. "మా ఊరేగింపులనేనా మేడం గిట్ల అంటున్నరు?"

"లేదయ్యా. పాట తప్పు కాదు. తరతరాలుగా, పాట ఆపి మేత తెచ్చిన పిట్టల పిల్లలే ఎక్కువగా బతికాయి. ఇదీ ఆపేదే. మనమే ఆపనివ్వలేదు."

మనమే అన్నారు. నువ్వే అనలేదు.

మర్నాడు "నాలుగూ ఉన్నాయా?" అని అడిగితే "ఉన్నయ్ మేడం" అన్నాను. అన్నిటికంటే చిన్నదాన్ని అప్పుడే వేపచెట్టు కింద పాతిపెట్టి వచ్చాను. ఆవిడ నా చేతుల మట్టి చూసి, నోట్‌బుక్‌లో 'మూడు' అని రాసుకున్నారు.

కోతలు కోయడం నేను మానలేదు. కోసిన వెంటనే నిజం చెప్పకుండా మాత్రం ఉండలేను.

స్తంభం మీది పిట్ట పాట ఆపేసింది. కిందికి వాలి, ముక్కున పురుగుతో ఎటో ఎగిరిపోయింది. నేను నా చేతులు చూసుకున్నాను.